టెస్టరు బాబాయి బిగించిన వెలుగు

టెస్టరు బాబాయికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. పింఛను కాగితాల మీద చక్కగా అచ్చయి ఉంది కూడా. కానీ ఆ పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే, ఇంకెవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. అందరూ కలం పెట్టుకునే జేబులో ఆయన ఎర్రపిడి టెస్టరు పెట్టుకుంటాడు కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది. ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో ముప్పై ఒక్క ఏళ్ళు ఎలక్ట్రీషియనుగా చేసి నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాడు. మనిషి రిటైరయ్యాడు గానీ టెస్టరు కాలేదు. చుట్టాలింటికి వెళ్ళినా, క్షవరానికి వెళ్ళినా, డాక్టరు గదిలో వంతు కోసం కూర్చున్నా, దగ్గర్లో ప్లగ్గు కనబడితే లేచి వెళ్ళి ఒకసారి పొడిచి చూస్తే గానీ ఆయనకు స్థిమితం ఉండదు. కరెంటు ఉందో లేదో తెలియక కాదు. తెలిసినవాళ్ళు ఎదురుపడితే పలకరించకుండా ఎలా పోతాం, అదీ ఆయన లెక్క.

పని విషయంలో వంక పెట్టడానికి లేదు. ఆయన బిగించిన స్క్రూ ఊడింది లేదు, ఆయన లాగిన వైరు వేలాడింది లేదు. మనిషిలో ఉన్న లోపమల్లా ఒక్కటే. పుట్టి బుద్ధెరిగాక ‘పొరపాటైంది’ అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఇల్లు కట్టుకున్నప్పుడు వైరింగు తనే చేసుకున్నాడు. గృహప్రవేశం రోజున వాళ్ళత్తగారు బాత్రూమ్ స్విచ్చి వేస్తే వరండాలో దీపం వెలిగింది. వరండా స్విచ్చి వేస్తే బాత్రూమ్‌లో వెలిగింది. చుట్టపక్కాలంతా నవ్వు ఆపుకుంటూ నిలబడితే, బాబాయి రెప్ప వేయకుండా, “కావాలనే పెట్టాను. లోపల మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకి తెలియాలిగా,” అన్నాడు. అది జరిగి ముప్పై ఏళ్ళు. ఈనాటికీ ఆ ఇంట్లో ఎవరు స్నానానికి వెళ్ళినా వీధి వీధంతటికీ తెలుస్తుంది. ఆ స్విచ్చిని మార్చడమంటే తప్పు ఒప్పుకోవడమే కాబట్టి అది మారలేదు.

ఇలాంటి మనిషితో ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసిన ఇల్లాలిని వీధిలో అందరూ పిన్ని అంటారు. ఆవిడ రఫూ పని చేస్తుంది. చిరిగిన బట్ట మీద ముక్క వేసి కుట్టేయడం కాదు రఫూ అంటే. పోయిన పోగుల చోట కొత్త పోగుల్ని అడ్డంగా, నిలువుగా సూదితోనే నేసి, అసలు అక్కడ చిరుగే లేనట్టు చేయడం. బాగా చేసిన పనికి గుర్తు ఏమిటంటే, ఏమీ కనబడకపోవడమే. కోటు మీద సిగరెట్టు నిప్పు పడిన లాయర్లూ, పట్టుచీర మేకుకు తగులుకున్న కొత్త పెళ్ళికూతుళ్ళూ ఆవిడను వెతుక్కుంటూ వస్తారు. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ బల్ల ఉంటుంది. ఏదో పాత ఆఫీసు మూసేసినప్పుడు బాబాయి మోయించుకొచ్చిన బల్ల అది. దాని వెనక అంచున నిలువుగా ఇరవై నాలుగు గూళ్ళు ఉన్నాయి. ఒకప్పుడు వాటిలో ఉత్తరాలు సర్దేవాళ్ళట. ఇప్పుడు దారాలున్నాయి.

ఆ పనిలో సూది పట్టడం సగమే. మిగతా సగం దారం ఎంచడం. పిన్ని ఈ పని తల్లి దగ్గర నేర్చుకుంది, తల్లి దగ్గర నేర్చిన ఒక పద్ధతిని ఎన్నడూ తప్పలేదు. గూటిలోంచి దారం తీస్తుంది, బట్ట చేత్తో పట్టుకుంటుంది, గడప దాటి వరండా మెట్టు మీద నిలబడుతుంది. బట్ట మీద దారం పరిచి, తల అటొకసారి ఇటొకసారి వంచి చూస్తుంది. కుదిరితే లోపలికొచ్చి సూదికి ఎక్కిస్తుంది. కుదరకపోతే వెనక్కొచ్చి మరో దారం తీసి మళ్ళీ వెళ్తుంది. ఒక్క చిరుగుకి ఏడెనిమిదిసార్లు గడప దాటిన రోజులున్నాయి.

అదంతా మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు. యాభై ఎనిమిదో ఏడు వచ్చేసరికి లేవాలంటే బల్ల మీద రెండు చేతులూ ఆనించి, “అమ్మా” అని ఒక మూలుగు మూలిగి గానీ లేవలేకపోతోంది. దానికి తోడు పక్క స్థలంలో నాలుగంతస్తుల భవనం లేచి, మధ్యాహ్నానికే కిటికీ వెలుతురు మింగేస్తోంది. బాబాయి పైకి ఏమీ అనడు. పేపరు చదువుతున్నట్టే కూర్చుంటాడు. కానీ ఆ “అమ్మా” వినబడినప్పుడల్లా ఆయన చదువుతున్న వాక్యం చెదిరిపోయేది. ఒకరోజు లెక్కపెట్టాడు. పొద్దున్నుంచి సాయంత్రందాకా పదిహేడుసార్లు. పేపరు మడిచి పక్కన పెట్టేశాడు.

“దీని సంగతేదో తేల్చాలి,” అన్నాడు ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన కూతురితో. “పైన ట్యూబులైటు వేస్తే మీ అమ్మ నీడ తన పని మీదే పడుతోంది. టేబుల్ లైటు పెడితే కళ్ళల్లోకి కొడుతోందంటుంది.”

“మా ఆఫీసులో బల్లల వెనక ఎల్‌ఈడీ పట్టీలు పెట్టారు నాన్నా,” అంది కూతురు చెప్పులు విడుస్తూ. “లైటు కనబడదు. వెలుగు గోడ మీద పడి మన మీదికొస్తుంది. నీడ ఉండదు, కళ్ళల్లోకీ కొట్టదు.”

“ఆ రిబ్బన్లా? అవి పెళ్ళి పందిళ్ళకి.”

“నువ్వు చూడకుండానే తీసిపారేయకు. అమ్మనొకసారి అడుగు.”

“మీ అమ్మనేం అడుగుతాం, దానికేం తెలుసు ఈ లైట్ల గురించి,” అన్నాడు బాబాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

మర్నాడు పదింటికల్లా ఎలక్ట్రికల్ కొట్లో ఉన్నాడు. ఆ కొట్టు నడిపే ఆవిడను అందరూ స్విచ్చుల అక్క అంటారు. ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకుని, ఏ డబ్బాలో ఏ సైజు మేకుందో చూడకుండా తీసివ్వగల మనిషి. ఆవిడ ముందు రిమోట్‌తో రంగులు మారేది చూపించింది. ఎరుపు, ఊదా, నీలం, ఒకదాని వెంట ఒకటి. “ఇది మా ఆవిడ బల్లకా, సర్కసు డేరాకా?” అన్నాడు బాబాయి. తర్వాత పసుపు వెలుగుది చూపించింది. “నిద్రొస్తోంది,” అన్నాడు. చివరికి తెల్లటివి రెండు రీళ్ళు బల్ల మీద పెట్టింది.

“బాబాయ్, రెండూ తెలుపే. దీనికి వెలుగెక్కువ. ఈ రెండోదానికి వెలుగు కాస్త తక్కువే గానీ, దీని కింద రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. బట్టల కొట్లవాళ్ళు ఇదే పట్టుకెళ్తారు. పిన్నిగారిది దారాల పని కదా, ఇదే పనికొస్తుంది. కావాలంటే రెండింట్లోనూ మూరెడేసి ముక్క ఇస్తాను, ఇంట్లో వెలిగించి ఆవిడకి చూపించండి.”

బాబాయి నవ్వాడు. చిన్నపిల్లలు తెలియక అడిగినప్పుడు పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. “రంగు గుడ్డలో ఉంటుందా, లైట్లో ఉంటుందా అక్కా? ఎరుపు ఎరుపే, నలుపు నలుపే. కావలసింది వెలుగు. నాకు లైటు గురించి చెబుతావా?”

స్విచ్చుల అక్క కళ్ళజోడు మీదుగా ఒకసారి చూసి, వెలుగెక్కువ ఉన్న రీలు కాగితంలో చుట్టి ఇచ్చేసింది.

బిగించడం మాత్రం చూసి తీరాల్సిందే. ఆదివారం పొద్దున బల్ల గోడ నుంచి లాగితే వెనక మూడు సూదులు, ఒక కళ్ళజోడు కాడ, పది పదిహేను గుండీలు బయటపడ్డాయి. పిన్ని అవన్నీ ఏరుకుంటుంటే బాబాయి టేపు పెట్టి కొలతలు తీశాడు. గూళ్ళ పైఅంచు వెనక ఒక వరస, గూళ్ళ అడుగున చేతుల మీదికి వెలుగు దిగేలా ఇంకో వరస. దుమ్ము ఉంటే జిగురు పట్టదని చెక్కను స్పిరిటు గుడ్డతో రెండుసార్లు తుడిచాడు. పట్టీ మీద కత్తెర గుర్తున్న చోటే కోశాడు. మూలల దగ్గర విరిచి తిప్పకుండా తీగతో కలిపాడు. పాలరంగు మూతలున్న అల్యూమినియం పట్టాల్లో పట్టీలు పరిచి, వేలితో అంగుళం అంగుళం నొక్కుతూ అంటించాడు. స్విచ్చి ఆవిడ ఎడమ మోచేతికి అందేలా పెట్టాడు. వైరు అన్నది ఎక్కడా కంటికి కనబడలేదు.

అంతా అయ్యాక స్విచ్చి వేస్తే వెలగలేదు.

జేబులోంచి టెస్టరు తీసి పట్టీ చివర పెట్టాడు. అదీ వెలగలేదు. తుడిచి మళ్ళీ పెట్టాడు. లేదు.

“నాన్నా, అడాప్టరు తర్వాత పన్నెండు వోల్టులే,” అంది కూతురు గుమ్మానికి ఆనుకుని. “దానికి నీ టెస్టరు వెలగదు. ప్లస్సూ మైనస్సూ తిరగేసినట్టున్నావు చూడు.”

బాబాయి బల్ల కిందికి దూరాడు. రెండు నిమిషాల తర్వాత వెలిగింది. బయటికొచ్చి మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ, “కొత్త సామాను కదా, కాసేపు అలా ఉంచితే గానీ అందుకోదు,” అన్నాడు. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు.

కానీ ఆ వెలుగు చూసి పిన్ని నిజంగానే మురిసిపోయింది. గోడంతా తెల్లగా విచ్చుకుని, నీడన్నది లేకుండా బల్ల మీదికి దిగింది. చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “పగల్లా ఉంది,” అంది. అంతే అంది గానీ, ఆ మొహం చూస్తే బాబాయికి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆవిడ అలవాటుకొద్దీ ఒక దారం ఉండ తీసుకుని, చేతులు బల్లకు ఆనించి లేవబోయింది.

“కూర్చో,” అన్నాడు. “ఎక్కడికి? ఆ గడప దగ్గరికేనా? పగలే నీ బల్ల మీదికి తెచ్చిపెట్టానుగా. ఇక నువ్వు లేవక్కర్లేదు.”

పిన్ని ఒక క్షణం గడపవైపు చూసింది. తర్వాత ఆయన మొహంలోకి చూసింది. కూర్చుంది. భర్త అంత ముచ్చటపడి చేసిన పనిని, ఆయన ఎదురుగానే చాలదన్నట్టు లేచిపోవడానికి ఆవిడకు మనసొప్పలేదు. అలా మొదటిసారిగా దారం బల్ల దగ్గరే ఎంచింది. ఆ వారమంతా ఇంట్లో “అమ్మా” అన్న మూలుగు వినబడలేదు. బాబాయి పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాడు.

ఆ వారంలోనే హోటలు తలుపు దగ్గర నిలబడే ఆయన కోటు వచ్చింది. ఆరడుగుల మనిషి, కార్లలో వచ్చేవాళ్ళకు తలుపు తీసి పట్టుకోవడం ఆయన ఉద్యోగం. ముదురు మెరూన్ రంగు పొడవాటి కోటు, ఇత్తడి గుండీలు. కారు తలుపుకు తగులుకుని భుజం కింద అరచెయ్యంత చిరిగింది. లోపలి మడతలోంచి అదే గుడ్డ పోగులు తీద్దామంటే మడత ఎప్పుడో కత్తిరించేశారు. పిన్ని గూటిలో దారమే ఎంచి, రెండు రోజులు వంచిన తల ఎత్తకుండా నేసి ఇచ్చింది. ఆయన వేలితో తడిమి చూసి, “ఏదమ్మా, ఎక్కడుండేది?” అని నవ్వి వెళ్ళాడు.

నాలుగో రోజు ఆ కోటు చేత్తో పట్టుకుని మళ్ళీ వచ్చాడు. అంత పొడుగు మనిషీ గుమ్మంలో ఒదిగి నిలబడ్డాడు.

“అమ్మా, తప్పు పట్టడానికి రాలేదు,” అన్నాడు. “లోపల హాల్లో ఉంటే ఏం లేదు. ఎండలో నిలబడితే మాత్రం మట్టి అంటుకున్నట్టు మచ్చ కనబడుతోందట. మేనేజరుగారు రెండుసార్లు దులుపుకోమన్నారు. నా డ్యూటీ ఎండలోనే కదమ్మా.”

పిన్ని కోటు అందుకుని బల్ల మీద పరిచి, వెలుగు కింద ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది. ఏ మచ్చా కనబడలేదు. ఎదుటి మనిషికి కనబడింది తనకు కనబడలేదు. కోటును ఇంకోసారి తిరగేసి చూసింది. “ఉంచండి, చూస్తాను,” అని మాత్రం అంది.

ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్క బట్ట వెనక్కి రాలేదు. అది కాదు ఆవిడ భయం. వాళ్ళమ్మకు అరవయ్యో ఏట రంగులు కలిసిపోవడం మొదలైంది. మొదట నీలం, ఆకుపచ్చ. తర్వాత ఎరుపు, గోధుమ. ఒకరోజు దారాల పెట్టె తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టి, “ఇక నావల్ల కాదే,” అని ఆ రోజు నుంచి సూది ముట్టలేదు. చివరి ఏళ్ళు ఖాళీ చేతులతో కూర్చుని ఉండేది. పిన్నికి ఆ చేతులే గుర్తుకొచ్చాయి.

ఆ సాయంత్రం గూళ్ళ మీద గుడ్డ కప్పేసింది. మర్నాడు ఒకావిడ చీర తెస్తే, “ఇప్పుడు చేయడం లేదమ్మా,” అంది. బాబాయి గతుక్కుమన్నాడు.

“ఏమైందే?”

“నా కళ్ళు అయిపోయాయండీ,” అంది పిన్ని. ఏడవలేదు. “అమ్మకొచ్చినట్టే. మచ్చ నాకు కనబడలేదు. ఆ కోటు ఆయనకి ఇచ్చేయండి, ఇంకెక్కడైనా చేయించుకోమనండి.”

కూతురు కంటి డాక్టరు దగ్గర వచ్చే సోమవారానికి పేరు రాయించింది. పిన్ని సరేనంది గానీ, దాని మీద ఆశ పెట్టుకున్నట్టు లేదు. వారం రోజులు బల్ల వైపు వెళ్ళలేదు. బాబాయి తనంతట తానే ఆ లైటు వెలిగించి, ఖాళీ కుర్చీ చూసి, ఆర్పేసేవాడు. ఇప్పుడు “అమ్మా” అన్న మూలుగు లేని ఇల్లు ఆయనకు భరించరానిదైపోయింది. ఎన్నిసార్లైనా లేవనీ, ఎంతైనా మూలగనీ, ఆ కుర్చీలో కూర్చుంటే చాలుననిపించింది.

శనివారం పొద్దున కోటు ఇచ్చేద్దామని చేతి మీద వేసుకున్నాడు. వెళ్ళేముందు, అంత మాట అనిపించుకున్న మచ్చ ఏదో తనూ చూద్దామని బల్ల మీద పరిచి లైటు వేశాడు. ఏమీ లేదు. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. పోగు పోగుకీ అతికినట్టుంది. బాబాయికి ఒళ్ళు మండింది. “ఏదీ మచ్చ? ఇంత చక్కటి పనికి వంక పెడతాడా? ఆరడుగులుంటే సరా? వెళ్ళి అడుగుతా ఉండు,” అనుకుంటూ కోటు లాక్కుని విసురుగా గడప దాటాడు.

మెట్టు మీద ఎండ పడుతోంది. కోటు భుజం కింద అరచెయ్యంత మేర గోధుమరంగు మచ్చ ఉంది.

బాబాయి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి లోపలికెళ్ళాడు. లైటు కింద మచ్చ లేదు. బయటికొచ్చాడు. ఉంది. లోపలికెళ్ళాడు. లేదు. ఎదురింటాయన మొక్కలకు నీళ్ళు పోస్తూ, “ఏం బాబాయ్, వ్యాయామమా?” అన్నాడు. బాబాయి అప్పటికే మళ్ళీ గడప లోపల ఉన్నాడు. గూళ్ళ మీది గుడ్డ తీసి, ఆవిడ వాడిన దారం పక్కన మెరూన్ దారం పెట్టి చూశాడు. తన లైటు కింద రెండూ ఒకటే రంగు. గడప బయట ఒకటి గోధుమ, ఒకటి మెరూన్. స్విచ్చుల అక్క మాటలు ఒక్కొక్కటీ చెవిలో మోగాయి. రంగులు ఉన్నవి ఉన్నట్టు. దారాల పని కదా. ఇంట్లో వెలిగించి ఆవిడకి చూపించండి.

మెట్టు మీద కూలబడ్డాడు. ముందు సిగ్గుతో ఒళ్ళంతా చెమటలు పట్టాయి. ఆ చెమట ఆరకముందే ఇంకొకటి లోపలి నుంచి పొంగుకొచ్చింది. లైటుది తప్పంటే ఆవిడ కళ్ళది కాదు. తన తప్పు దొరికినందుకు ఇంత సంతోషించిన మనిషి ఆ వీధిలో అంతకుముందు లేడు.

పిన్ని వంటింట్లో పీట మీద కూర్చుని కూరలు తరుగుతోంది.

“ఏమోయ్, లే. ఒక్కసారి బయటికి రా. నీ కళ్ళకేం కాలేదు. ఆ లైటే రంగులు మార్చేస్తోంది.”

పిన్ని తల ఎత్తలేదు. “మిక్సీ కాలిపోతే వోల్టేజీ అన్నారు. పంకా మోత పెడితే స్లాబు అన్నారు. ఇప్పుడు నా కళ్ళు పోతే లైటంటున్నారు. నేను బాధపడతానని ఏదో చెబుతున్నారు, నాకు తెలీదా? ఊరుకోండి.”

బాబాయి ముప్పై నాలుగేళ్ళుగా చెప్పుకొచ్చిన సాకులన్నీ ఒక్కసారి వచ్చి అడ్డంగా నిలబడ్డాయి. ఇవాళ నిజం చెబుతున్నా అది ఇంకో సాకులాగే వినబడుతోంది. కంపెనీవాడి మీదికి నెట్టినా, కొట్టు మీదికి నెట్టినా ఈవిడ నమ్మదు. నమ్మే మాట ఒక్కటే ఉంది. అది ఆయన ఎప్పుడూ అనని మాట.

జేబులోంచి టెస్టరు తీసి నేల మీద పెట్టి, ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

“తప్పు నాది,” అన్నాడు.

కత్తి ఆగింది.

“స్విచ్చుల అక్క చెప్పింది. రెండు రీళ్ళు చూపించి, పిన్నిగారి పనికి ఇదే మంచిది, ముక్క పట్టుకెళ్ళి చూపించండంది. నేను వినలేదు. నాకు చెప్పొచ్చావా అన్నట్టు మాట్లాడాను. అమ్మాయి నిన్ను అడగమంది, నీకేం తెలుసన్నాను. దారం పట్టుకుని నువ్వు లేవబోతే నేనే కూర్చోమన్నాను. నువ్వు ఆ గడప దాటి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. నీ కళ్ళు కాదు. తప్పు నాదే.”

పిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఆ మొహాన్ని ముప్పై నాలుగేళ్ళుగా చూస్తోంది గానీ ఇలా ఎప్పుడూ చూడలేదు. ఈ మనిషి తన మనసు కష్టపెట్టకూడదని వంద సాకులు చెబుతాడు, కానీ ఈ మాట ఊరికే అనడు. కత్తి పక్కన పెట్టింది.

“ఇంకోసారి చెప్పండి.”

“తప్పు నాదేనే. ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెబుతా, నువ్వు ముందు లే.”

ఆయన భుజం పట్టుకుని, “అమ్మా” అని మూలిగి లేచింది. బాబాయికి ఆ మూలుగు చెవులకు హాయిగా వినబడింది. బల్ల దగ్గర రెండు దారాలూ చూపించాడు. “ఒకటే కదండీ,” అంది భయంగా. గడప దాటించాడు. ఎండలో ఆవిడ అరచేతిలో రెండు దారాలు పెట్టాడు.

“ఇది మెరూన్,” అంది పిన్ని. “ఇది... ఇది గోధుమ కదండీ. ఎంత తేడా ఉందో చూడండి. గుడ్డిదాన్ని, ఇదెలా వేశాను?”

“గుడ్డిదానివి కాదు. అదే నేను చెప్పేది.”

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. “నీలాలూ ఆకుపచ్చలూ ఉన్న గూళ్ళలోని దారాలు తెస్తారా?” అని నెమ్మదిగా అడిగింది. ఆ గొంతులో ఏముందో బాబాయికి తెలుసు. వాళ్ళమ్మకు మొదట పోయిన రంగులు అవే. దారాలన్నీ తువ్వాలులో వేసుకుని పట్టుకొచ్చాడు. పిన్ని ఒక్కొక్క ఉండా తీసి మెట్టు మీద వరసగా పేర్చింది. నీలంలో తొమ్మిది, ఆకుపచ్చలో పదకొండు. బాబాయి కంటికి ఒక్కటిగానే ఉన్న రెండింటిని తీసి దూరదూరంగా పెట్టింది. “అవి రెండూ ఒకటేగా?” అన్నాడు. “కాదండీ,” అంది పిన్ని. “దీంట్లో పసుపు ఛాయ ఎక్కువ.” అని, వారం రోజులుగా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చింది. బాబాయి పక్కన కూర్చుని, ఏం చేయాలో తెలియక ఆ దారాలు దొర్లిపోకుండా చేత్తో పట్టుకున్నాడు.

కళ్ళు తుడుచుకున్నాక ఆవిడ ఆయన వైపు తిరిగింది. “మరి బాత్రూమ్ స్విచ్చో?”

బాబాయి గొంతు సవరించుకున్నాడు. “అది వేరే సంగతి. అది కావాలనే పెట్టింది.”

పిన్ని నవ్వింది. ఎదురింటాయన నీళ్ళ గొట్టం పట్టుకుని ఇటు చూసేంత గట్టిగా నవ్వింది.

ఆ మధ్యాహ్నమే బాబాయి స్విచ్చుల అక్క కొట్టుకు వెళ్ళాడు. నలుగురు బేరాలవాళ్ళ ముందు, “నువ్వు చెప్పింది విననందుకు బుద్ధొచ్చింది అక్కా. మా ఆవిడ కళ్ళకేం కాలేదు, తప్పంతా నాదే,” అన్నాడు. ఈసారి ఆ రెండో రీలు మూరెడు ముక్క మాత్రమే తెచ్చి, పిన్ని చేతికిచ్చి, ఆవిడ దాని కింద నలభై దారాలు చూసి సరేనన్నాకే మిగతాది తెచ్చి బిగించాడు. దారిలో ఎవరు కనబడినా అదే మాట. పాలవాడికి చెప్పాడు, ఎదురింటాయనకు చెప్పాడు, సోమవారం కంటి డాక్టరుకూ చెప్పాడు. డాక్టరు పరీక్ష చేసి, కళ్ళు వయసుకు తగ్గట్టే ఉన్నాయని, కళ్ళజోడు నంబరు కొద్దిగా మార్చాడు. జీవితమంతా ఒక్క తప్పూ ఒప్పుకోని మనిషి ఒక తప్పును ఇలా ఊరంతా మోసుకు తిరగడం చూసి కూతురు నోరు వెళ్ళబెట్టింది.

కొత్త లైటు మంచిదే. అయినా పిన్ని దారం ఎంచడానికి మళ్ళీ గడప దాటడం మొదలుపెట్టింది. బాబాయి కాదనలేదు. బల్ల నుంచి గడపదాకా గోడకు ఇనుప కడ్డీ బిగించాడు పట్టుకుని నడవడానికి. మెట్టు మీద కుర్చీ వేశాడు.

మెరూన్ కోటులో గోధుమ పోగులన్నీ లాగి, మళ్ళీ మొదటి నుంచి నేయడానికి ఆవిడకు మూడు రోజులు పట్టింది. హోటలాయన వచ్చి కోటు పట్టుకెళ్ళిన మర్నాడు, బాబాయి ఎవరికీ చెప్పకుండా ఆ హోటలుకు వెళ్ళాడు. నడినెత్తిన ఎండ. పొడుగాయన తలుపు దగ్గర నిటారుగా నిలబడి ఉన్నాడు. బాబాయి ఆయన చుట్టూ ఒకసారి తిరిగాడు. కళ్ళజోడు పెట్టుకుని ఇంకోసారి తిరిగాడు. భుజం కిందికి వంగి చూశాడు, పక్కకు జరిగి చూశాడు.

“ఏం వెతుకుతున్నారు బాబాయ్‌గారూ?” అన్నాడు ఆయన, నిలబడ్డ భంగిమ చెడకుండా.

బాబాయి ఆయన చెయ్యి పట్టుకుని ఊపి, సమాధానం చెప్పకుండా వచ్చేశాడు. ఇంటికొచ్చేసరికి పిన్ని బల్ల దగ్గర తల వంచుకుని ఎవరిదో చీర చిరుగు నేస్తోంది. ఆయన ఎక్కడికెళ్ళాడో ఆవిడకు ఎలా తెలిసిందో గానీ తెలిసింది. సూది ఆపకుండానే అడిగింది.

“ఎండలో చూశారా? ఏం కనబడింది?”

“ఏమీ కనబడలేదు,” అన్నాడు టెస్టరు బాబాయి.